ఉత్త ఫిల్టర్

ఆ గీత అక్కడ ఉండకూడదు.

జలదుర్గ కుర్చీ ముందుకు జరుపుకుని తెరను మళ్లీ చూసింది. అది బెంజి సర్కిల్ దగ్గర ఒక మేడ మీద నుంచి తెచ్చిన ఫిల్టర్. అక్కడి గాలిలో బస్సుల పొగ ఉంటుంది, టైర్ల పొడి ఉంటుంది, కింద టిఫిన్ బండి మీద మాడిన నూనె ఉంటుంది. చేపలకూ రొయ్యలకూ వేసే గాలిమేత పొడి ఉండదు. గాలిమేత తయారయ్యే ఊరు అక్కడికి చాలా దూరంలో, కొల్లేటి ఒడ్డున ఉంది. ఆ ఊరు తాటిదిబ్బ. జలదుర్గ పుట్టిన ఊరు.

గాలిలో ఎగిరే నలుసుల్లో సేంద్రియ నత్రజని ఎంత ఉంది, అది దేనిలోంచి వచ్చింది అని కొలిచి చెప్పడం ఆ ప్రయోగశాల పని. ఫిల్టర్ మీద పట్టిన దుమ్మును గాజుగొట్టంలో పెట్టి మెల్లగా సెగ పెంచుతారు. ఒక్కో పదార్థం ఒక్కో వేడి దగ్గర విడిపోతుంది. విడిపోయినప్పుడల్లా తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. పొగాకు పొగది ఒక చోట, పశువుల కొట్టానిది ఇంకొక చోట. గాలిమేత గీత అన్నిటికంటే చివర, ఒంటరిగా, నిటారుగా లేస్తుంది. ఒకసారి చూసినవాళ్లు దాన్ని పొరబడరు.

పైగా అది లేచింది పంపుకు బిగించిన ఫిల్టర్‌లో కాదు, ఉత్త ఫిల్టర్‌లో.

ఎక్కడికి గాలి పట్టడానికి వెళ్లినా రెండు ఫిల్టర్లు తీసుకెళ్లాలి. ఒకటి పంపుకు బిగించి రోజంతా గాలి లాగిస్తారు. రెండోదాన్ని అక్కడే మూత తీసి, పంపులో పెట్టినట్టే పెట్టి, పంపు వెయ్యకుండానే తీసి మూత పెట్టేస్తారు. దాని మీద పడినది గాలిలోది కాదు; చేతులది, డబ్బాది, ప్రయాణానిది. మొదటిదానిలోంచి ఆ మొత్తం తీసేస్తే మిగిలేదే అసలు గాలి లెక్క. ప్రయోగశాలలో దాన్ని అందరూ ఉత్త ఫిల్టర్ అంటారు.

పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్న ఫరీదా తెర మీదికి తొంగి చూసి నవ్వింది. "మీ ఊరి మేత నిన్ను వదల్లేదే దుర్గా. నువ్వు రొయ్యవై పుట్టాల్సింది."

జలదుర్గ కూడా నవ్వింది. కానీ అన్నం తినడానికి వెళ్లలేదు. మర్నాడు ఫరీదాను బతిమాలి అదే మేడ మీదికి తీసుకెళ్లి, ఆమె చేత ఒక ఉత్త ఫిల్టర్ తెరిపించింది. తాను మాస్కు పెట్టుకుని ఒకటి తెరిచింది. మాస్కు తీసేసి ఇంకొకటి తెరిచింది. ఫరీదాది శుభ్రంగా ఉంది. మాస్కు పెట్టుకుని తెరిచినది శుభ్రంగా ఉంది. మూడోదానిలో గీత లేచింది.

అప్పుడు ఆమె ఒక కొత్త ఫిల్టర్ తీసుకుని, నోటి ముందు పట్టుకుని, అద్దం తుడిచే ముందు ఊదినట్టు దాని మీదికి ఊపిరి వదిలింది. యంత్రంలో పెట్టింది. సెగ చివరికి వచ్చేసరికి గీత తెర పైఅంచు దాటిపోయింది.

 తన గురించి ఆలోచించడానికి ముందు ఆమెకు గుర్తొచ్చింది నెల కిందట ఊరి మీద తాను ఇచ్చిన లెక్క.

*

గాలిమేత వచ్చిన కొత్తలో దాన్ని అందరూ వింతగా చెప్పుకున్నారు. గాలిలోని నత్రజనినే తిని పెరిగే సూక్ష్మజీవిని ఎవరో సృష్టించారు. దాన్ని పెద్ద తొట్లలో పెంచి, ఎండబెట్టి, పొడి కొడితే చేపకూ రొయ్యకూ మేత. సోయా కొననక్కర్లేదు, ఎండుచేపల పొడి అక్కర్లేదు. శేషవేణి, అంటే జలదుర్గ చెల్లెలు, పెళ్లయి గుడివాడ వెళ్లిన తరవాత తాటిదిబ్బలో ఫ్యాక్టరీ పెట్టారు. ఇంటికొకరికి పని దొరికింది. జలదుర్గ తల్లి కోటమ్మ సంచులు నింపే దగ్గర కుదిరింది. ఎమ్మెస్సీ సెలవుల్లో జలదుర్గ కూడా తల్లి పక్కన కూర్చుని సంచుల మూతులు కుట్టింది. పొడి మెత్తగా, గోధుమరంగులో ఉండేది. కనురెప్పల మీద కూడా పట్టేది. నాలుక మీద పడితే కమ్మగా ఉండేది.

రెండో ఏడు నుంచి ముసలివాళ్లకు దగ్గు మొదలైంది. కఫం లేని పొడిదగ్గు. ఊపిరితిత్తులు ఎండిన సొరకాయలా గట్టిపడిపోయాయని పెద్దాసుపత్రిలో చెప్పారు. చావులు మొదలయ్యాక ఫ్యాక్టరీ మూశారు. పొగగొట్టాలకు కొత్త వడపోతలు పెట్టి మళ్లీ తెరుస్తామన్నారు. కానీ ముందు ఊరి గాలిలో పాత పొడి పూర్తిగా పోయిందని ఎవరైనా కొలిచి చెప్పాలి. ఆ పని ప్రయోగశాలకు వచ్చింది.

ఊళ్లోకి వెళ్లడమే కష్టమైంది. అంతకుముందు ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లందరూ మాస్కులు కట్టుకునే వచ్చారు. ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు, వేసిన మంచం మీద కూర్చోలేదు, గుమ్మం బయట నిలబడి ప్రశ్నలు అడిగి పోయారు. ఊరి పెద్ద వీరాస్వామి అందరినీ కూర్చోబెట్టి, ఇక మూతికి గుడ్డ కట్టుకున్న మనిషిని ఎవరూ గడప తొక్కనివ్వొద్దని తీర్మానం చేయించాడు. పంపులతో వెళ్లిన జలదుర్గను కూడా ఆయన తన అరుగు ముందే ఆపాడు.

"మా ఇంట్లో పెరుగన్నం తిని పెరిగినదానివి. మేం నీకు కంపు కొడతన్నామా అమ్మాయ్?"

ఆమె సిగ్గుపడింది. మాస్కు తీసి సంచిలో పెట్టింది. ఆ తరవాత ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంది. ప్రతి ఇంట్లోనూ ఆమె పంపు బిగించింది. ప్రతి ఇంట్లోనూ, నేల మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టుకుని, దుమ్ము పడకుండా జాగ్రత్తగా ఉత్త ఫిల్టర్ తెరిచి మూసింది. పక్కన కూర్చున్న ముసలమ్మలు ఏంటే అది అని వంగి చూశారు.

లెక్క కట్టేటప్పుడు ఉత్త ఫిల్టర్లలో కూడా గాలిమేత గీత కనిపించింది. ఊరికి తీసుకెళ్లిన పెట్టెలోని ఫిల్టర్లకే ఏదో అంటుకుని ఉంటుందని ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్ పరాంకుశం అనుకున్నాడు. జలదుర్గ కూడా అదే అనుకుంది. అలాంటి మరకను తీసెయ్యడానికే కదా ఉత్త ఫిల్టర్ ఉన్నది. తీసేశారు. ప్రతి ఇంటికీ సున్నా మిగిలింది.

ఆ సున్నా చేరిన వారానికి తాటిదిబ్బలో పండగలాగా అయ్యింది. ఫ్యాక్టరీ వచ్చే సోమవారం తెరుస్తున్నారు. కోటమ్మ ఫోన్ చేసి, వీరాస్వామి నిన్ను తెగ పొగుడుతున్నాడే అని చెప్పింది.

*

పరాంకుశం ఆమె చెప్పినదంతా నిలబడే విన్నాడు. కోప్పడలేదు. ఎవరి తప్పు అని అడగలేదు. పాత లెక్కలు తెప్పించి, ఆమె తెరిచిన ఉత్త ఫిల్టర్లను పక్కన పెట్టి, ఫరీదా ప్రయోగశాలలో తెరిచినవాటితో తీసివేతలు మళ్లీ చేశాడు. చెరువు గట్ల మీద పెట్టిన పంపుల్లో నిజంగానే ఏమీ లేదు. పొడి ఎప్పుడో వానలకు కొట్టుకుపోయింది. ఇళ్లలో పెట్టిన పంపుల్లో మాత్రం, మనుషులు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఎక్కువగా, తక్కువగా ఉన్న ఇంట్లో తక్కువగా గాలిమేత ఉంది. తాళం తీయించి పంపు పెట్టిన ఖాళీ ఇంట్లో లేదు.

అంటే పొడిలోని జీవి చావలేదు. లోపలికి పోయిన సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో కుదురుకుంది. పీల్చే గాలిలోనే దానికి తిండి ఉంది. మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది.

ఫ్యాక్టరీ తెరవనివ్వకుండా ఇప్పుడే లెక్క వెనక్కి తీసుకుంటున్నానని పరాంకుశం చెప్పాడు. ఆమెకు ఆసుపత్రిలో గది చూస్తానన్నాడు. తరవాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పై ఆఫీసువాళ్లు ఒకటే అడుగుతారమ్మా. అప్పుడు పొడి పీల్చినవాళ్లకే ఉందా, వాళ్ల నుంచి ఇంకొకళ్లకి పోతోందా అని. పోతోందంటే ఊరు మూసేస్తారు. లోపలివాళ్లు బయటికి రారు. మీ ఊళ్లో ఇప్పుడు ఉన్నవాళ్లలో, ఆ పొడి ఎన్నడూ పీల్చనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఇద్దరే ఉన్నారు. ఫ్యాక్టరీ మూశాక పురిటికి వచ్చిన శేషవేణి ఒకతె. నాలుగు నెలల ఆమె కూతురు ఇంకొకతె. ఆదివారం గుడివాడ నుంచి అత్తవారు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకెళ్లబోతున్నారు. కోటమ్మ పసుపు కుంకాలతో పాటు ఉయ్యాల, పట్టు గౌను కూడా కొని పెట్టింది.

*

శుక్రవారం పొద్దున జలదుర్గ, ఫరీదా తాటిదిబ్బ వెళ్లారు. ఇద్దరూ మాస్కులు పెట్టుకున్నారు. అరుగుల మీద ఉన్నవాళ్లు మాస్కుతో వస్తున్న జలదుర్గను చూసి మొహాలు తిప్పుకున్నారు. వీరాస్వామి లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ ఊళ్లో అంతకుముందు ఆమె మొహాన ఎవరూ తలుపు వెయ్యలేదు.

ఇంటి వెనక పెరట్లో కోటమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పాపను పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. పాప నలుగుకు మెరుస్తూ కాళ్లు తన్నుకుంటోంది. శేషవేణి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడింది. జలదుర్గ ఎందుకు వచ్చిందో చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో స్నానం అయిపోయింది. కోటమ్మ పాప మొహం తుడిచి, బుగ్గలు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, ముక్కులో నీళ్లు పోవాలని ఒక రంధ్రంలో గట్టిగా ఊదింది. రెండోదానిలో ఊదింది. చెవుల్లో ఊదింది. పాప ఉలిక్కిపడి, తరవాత బోసినవ్వు నవ్వింది.

"ఊదకమ్మా," అంది జలదుర్గ.

కోటమ్మ తలెత్తి చూసింది. "ఏంటే? ఆ మూతికి గుడ్డేంటి నువ్వు గూడా? ఊదకపోతే పిల్లకి జలుబు చేసిద్ది. మీ ఇద్దరికీ ఇట్టా ఊదే గదే నీళ్లు పోశాను."

"రోజూ ఊదుతున్నావా?"

"రోజూ ఊదకుండా వారానికోసారి ఊదుతారటే ఎవరన్నా?"

జలదుర్గ నేల మీద కూర్చుని అంతా చెప్పింది. అరటిపండు ఒలిచినట్టు, ఏదీ దాచకుండా, చదువుకోనివాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. తన ఊపిరిలో ఉందని చెప్పింది. అమ్మ ఊపిరిలోనూ ఉంటుందని చెప్పింది. కోటమ్మ ఏడవలేదు. వింటూ వింటూ పాపను తువ్వాలులో చుట్టి శేషవేణి చేతికి ఇచ్చేసింది. పైట చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత లేచి, తడికాళ్లతోనే పెరడు దాటి, గేదెల పాక దగ్గర తమకు దూరంగా కూలబడింది.

శేషవేణి మాత్రం కోపంగా ఉంది. "అంతా నీకు తెలిసినట్టే చెబుతున్నావు. ఆ రోజు ఏమీ లేదని చెప్పింది గూడా నువ్వేగా."

జలదుర్గ వెనక్కి జరిగింది. ఫరీదానే ముందుకు వచ్చి, ఫిల్టర్ డబ్బాలు తెరిచింది. శేషవేణి ఒకదాని మీద ఊపిరి వదిలింది. పాప నోటి ముందు ఫరీదా ఇంకొకటి పట్టుకుంటే, పాప దాన్ని అందుకోవాలని చేతులు చాచింది. ఉత్త ఫిల్టర్ కూడా ఈసారి ఫరీదానే తెరిచి మూసింది. జలదుర్గ పెరటి గోడకు ఆనుకుని, తన ఊపిరి అటు పోకుండా మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

వెళ్లేటప్పుడు ఆమె పాక వైపు వెళ్లబోయింది. కోటమ్మ దూరం నుంచే చెయ్యి ఊపి వద్దంది. చెంగు అడ్డుగా ఉండడం వల్ల ఆమె మాట సరిగా వినపడలేదు. తినేసి వెళ్లమంటోందని మాత్రం తెలిసింది.

*

యంత్రం శనివారం మొరాయించింది. గాజుగొట్టం పగిలితే కొత్తది తెప్పించి బిగించేసరికి ఆదివారం మధ్యాహ్నం అయ్యింది. ముందు ఉత్త ఫిల్టర్ పెట్టారు. ఏమీ లేదు, గీత నేలలా చదునుగా ఉంది. తరవాత శేషవేణిది పెట్టారు. సెగ పెరిగింది, పెరిగింది, చివరికి వచ్చింది. అది కూడా చదునుగానే ఉంది. ఫరీదా జలదుర్గ భుజం నొక్కింది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఇన్ని నెలలున్నా శేషవేణికి అంటుకోలేదు. అంటే మాటల్లో, పక్కన కూర్చుంటే వచ్చేది కాదేమో. పరాంకుశం కూడా కాస్త తెరిపినపడ్డట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

మూడోది పాపది.  చివర్లో, ఆ ఒంటరి చోట, గీత కదిలింది. జలదుర్గది లేచినంత ఎత్తు లేదు. తల్లి ఒడిలో పిల్లలా చిన్నగా లేచి, నిటారుగా నిలబడింది.

పరాంకుశం ఆమె వైపు చూడకుండా, ఇంకోసారి చేద్దామా అని అడిగాడు. ఫరీదా ఫిల్టర్‌లో మిగిలిన ముక్కను పెట్టింది. మళ్లీ అదే.

అప్పటికే ఫోన్ మోగుతోంది. శేషవేణి. వెనక మనుషుల మాటలు, నవ్వులు, ఎవరో కారు తలుపు వేసిన చప్పుడు వినిపిస్తున్నాయి. అత్తవారు పొద్దున్నే వచ్చారని, పాపను ఎవరి చేతికీ ఇవ్వకుండా లోపల గదిలో పెట్టుకుని కూర్చున్నానని, జ్వరంగా ఉంది ముట్టుకోవద్దని అబద్ధం చెప్పానని శేషవేణి గబగబా చెప్పింది. భర్త సత్తిపండు కారు వాకిట్లో పెట్టి, వర్జ్యం వస్తోంది బయల్దేరమని తొందర పెడుతున్నాడట. అమ్మ శుక్రవారం నుంచి పాకలోనే పడుకుంటోందట, కంచం కూడా అక్కడికే తెప్పించుకుంటోందట.

"చెప్పవే అక్కా," అంది.

"నీకు లేదే."

అవతల శేషవేణి ఊపిరి తీసుకుంది. ఆ తరవాతి మాట కోసం ఆగింది. ఆ మాట రాకపోయేసరికి ఆమెకు అర్థమైపోయింది.

"ఆ రోజు ఊరందరికీ సున్నా అని చెప్పావుగా," అంది శేషవేణి. గొంతు తగ్గించింది. "ఇంకొక్కసారి చెప్పు. ఇది చిన్నపిల్ల అక్కా. ఎవరి మీద ఊదుద్ది ఇది? గుడివాడలో మంచి డాక్టరున్నాడు. మేం వెళ్లిపోతాం. నువ్వు సున్నా అని చెప్పు చాలు, నేను ఎవ్వరికీ చెప్పను."

గదిలో అందరూ వింటున్నారు. ఫరీదా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. జలదుర్గకు ఆ పాప పెరిగి, గుడివాడలో ఏదో ఇంట్లో, తన ఈడు పిల్లల బుగ్గ మీద బుగ్గ పెట్టి నవ్వడం కనిపించింది.  

"పాపకి ఉంది శేషూ. రెండుసార్లు చూశాం. బయటికి పంపించొద్దు."

 పాప ఏదో ఊసులాడుతున్న చప్పుడు వచ్చింది.

"నాకు లేదన్నావుగా. నేను వెళ్లొచ్చా?"

"వెళ్లొచ్చు. ఇప్పుడే వెళ్లిపోతే మంచిది. పాపని అమ్మ చూసుకుంటుంది. నేను కూడా వస్తాను."

"ఇక్కడే ఉంటే నాక్కూడా వచ్చిద్దా?"

జలదుర్గ నిజం చెప్పడం ఇక ఆపలేకపోయింది. "పాలిచ్చేటప్పుడు దాని మొహం నీ మొహం దగ్గరే ఉంటుంది. ఇప్పుడు దాని ఊపిరిలో కొంచెమే ఉంది, రోజురోజుకీ పెరుగుతుంది. వస్తుంది."

శేషవేణి ఫోన్ పెట్టెయ్యలేదు. దాన్ని మంచం మీదో ఎక్కడో పడేసినట్టుంది. మాటలు దూరం నుంచి వినిపించాయి. సత్తిపండు గుమ్మంలోకి వచ్చి ఇంకా ఎంతసేపని అడిగాడు. మీ అమ్మగారిని తీసుకుని వెళ్లిపోండి, ఎవరూ లోపలికి రాకండి అంది శేషవేణి. అతను అర్థం కాక నవ్వాడు. ఏంటే ఈ ఎగతాళి, బండి వాకిట్లో పెట్టుకుని అన్నాడు. అతని అడుగులు రెండు గదిలోకి పడ్డాయి.

"రావద్దన్నానా," అంది ఆమె.

తలుపు మూసుకున్న చప్పుడు, లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వచ్చాయి. తరవాత బయట తలుపు బాదుతున్నారు. శేషవేణీ అని పిలుస్తున్నారు. ఎవరో ఆడమనిషి, పాప పట్టు గౌను తడిసిపోతుందేమో చూడమంటోంది.  పాప ఏడుపు మొదలుపెట్టింది. కాసేపటికి ఆ ఏడుపు ఆగి, పాలు తాగుతున్న చిన్న చిన్న గుటకలు ఫోన్‌లో వినిపించాయి.